అనంతపురంలో కాలం మళ్లేది ఎలా పసిగట్టాలి: ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మిద్దె మీద నుంచి చూసే పద్ధతి

ఇంగ్లీషు కథల పుస్తకాల్లో ఆటమ్ అంటే ఎర్రబడి రాలే ఆకులు. ఆ బొమ్మను మనసులో పెట్టుకుని సెప్టెంబరులో అనంతపురం వీధుల్లో చెట్ల వైపు చూస్తే ఒక్క గుర్తు కూడా దొరకదు. మన వేప ఆకు రాల్చేది శివరాత్రికి అటూ ఇటూ. సెప్టెంబరులో మాత్రం ఏడాది మొత్తంలో ఎప్పుడూ లేనంత పచ్చగా ఉంటుంది. ఎండాకాలం నిండా బట్టతలలా కనిపించిన కొండలు కూడా అప్పుడే గడ్డి కప్పుకుంటాయి. అంటే శరదృతువు ఇక్కడ రాదని కాదు. అది చెట్ల మీద కాకుండా గాలిలో, సాయంత్రం పొద్దులో, మోడాల (మబ్బుల) నడకలో ముందుగా కనిపిస్తుంది. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ఇంకో సంగతి. మన దగ్గర ఎండాకాలం తోక చాలా పొడుగు. జూన్‌లో వానాకాలం మొదలైందని రేడియో చెప్తుంది కానీ, ఇక్కడ జూన్, జూలైల్లో వచ్చేది ఎక్కువగా గాలే. నైరుతి మేఘాలు తమ నీళ్లు చాలావరకు పశ్చిమ కనుమల అవతలే దించుకుని వస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలో పెద్ద వాటా కోస్తాకు పోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఈ జిల్లాలో సెప్టెంబరు, అక్టోబరు నెలలే పెద్ద దిక్కు. కాబట్టి ఆగస్టు రెండో వారం దాకా ఎండాకాలం ఒంట్లోనే ఉన్నట్టు లెక్క. మన గమనింపు కూడా అక్కడి నుంచే మొదలుపెడదాం.

కావలసినవి, చోటు

ఒక పాత డైరీ, చేతి గడియారమో ఫోనో, సరిగ్గా మీటరు పొడవున్న ఒక పైపు ముక్క, ఇసుక నింపిన బకెట్, టేపు. అంతకు మించి కొనొద్దు.

చోటు మాత్రం ఒక్కటే ఉండాలి, రోజూ అదే. మిద్దె మీద పడమర వైపు అడ్డం లేని మూల అయితే మేలు. నేను మొదటి ఏడాది ఒకరోజు మిద్దె మీద, ఒకరోజు బస్టాండు దగ్గర, ఆదివారాలు చెరువు కట్ట మీద చూసి రాసుకున్నాను. చివరికి డైరీ చూస్తే ఏదీ దేనితోనూ కలవలేదు. పడమటి అంచున ఉన్న గుర్తులను (నీళ్ల ట్యాంకు, సెల్ టవరు, కొండ మొన, కొబ్బరి చెట్టు) వరుసగా ఒక పేజీలో బొమ్మ గీసుకోండి. చేతకాకపోయినా గీయండి. ఫోటో కంటే ఆ గీతలే తర్వాత ఎక్కువ పనికొస్తాయి.

మధ్యాహ్నపు నీడ: వారానికి ఒకసారి

బకెట్లో పైపును నిటారుగా నిలబెట్టండి. దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీస్తే పైపు వంగిందో లేదో తెలిసిపోతుంది. మన గడియారం ప్రయాగరాజ్ (పాత అలహాబాదు) దగ్గరి రేఖాంశం ప్రకారం నడుస్తుంది, మనం దానికి పడమరగా ఉన్నాం. అందుకే అనంతపురంలో పొద్దు నడినెత్తికొచ్చేది పన్నెండుకు కాదు. ఆగస్టు మధ్యలో 12:25 ప్రాంతంలో, సెప్టెంబరు ఆఖరి వారంలో 12:12కు, అక్టోబరు ఆఖరున 12:03కు వస్తుంది.

ఆగస్టు 13 ప్రాంతంలో ఆ వేళకు పైపు నీడ పూర్తిగా మాయమవుతుంది. సూర్యుడు నిజంగానే నెత్తి మీద ఉంటాడు. కర్నూలులో ఇది నాలుగు రోజులు ముందే జరుగుతుంది, కడపలో దాదాపు అనంతపురంతో పాటే. ఏడాదికి రెండుసార్లు జరిగే ఈ వింతలో మొదటిది ఏప్రిల్ చివర్లో వస్తుంది. ఆ ఎండలో మిద్దె ఎక్కమని నేను ఎవరికీ చెప్పను.

ఆగస్టు మధ్య దాటాక నీడ ఉత్తరం వైపు సాగడం మొదలవుతుంది. సెప్టెంబరు 22, 23 తేదీల్లో మీటరు పైపుకు 26 సెంటీమీటర్లు, అంటే జానెడు పైచిలుకు. అక్టోబరు ఆఖరుకు 55 సెంటీమీటర్లు. మోడం కమ్మి ఒక వారం నీడ దొరక్కపోతే వదిలేయండి, టెన్షన్ పడాల్సిందేం లేదు. మూడు నాలుగు కొలతలు ఉన్నా సరిపోతుంది.

సాయంత్రం పొద్దు: అన్నిటికంటే నమ్మకమైన గుర్తు

చాలామంది కాలం మారిందని చూడ్డానికి తెల్లవారుజామున లేస్తారు. తెల్లవారడం మాత్రం మన ఊళ్లో పెద్దగా కదలదు. ఆగస్టు మధ్యలో పొద్దు పొడిచేది 6:05కు, అక్టోబరు ఆఖరున 6:15కు. రెండున్నర నెలలకు పది నిమిషాలే తేడా. సాయంత్రం సంగతి వేరు. ఆగస్టు మధ్యలో 6:44కు మునిగిన పొద్దు, సెప్టెంబరు 22 నాటికి 6:16కు, అక్టోబరు ఆఖరుకు 5:52కే మునుగుతుంది. యాభై నిమిషాలకు పైగా సాయంత్రం తరిగిపోతుంది. కడపలో ఈ లెక్కకు ఒక ఐదు నిమిషాలు తీసేసుకోవాలి.

పిల్లలు బడి నుంచి వచ్చి వీధిలో ఆడుకునే సమయం ఎందుకు చిన్నదైపోయిందో, ఆఫీసు నుంచి బండి మీద వచ్చేటప్పుడు హెడ్‌లైటు ఏ వారం నుంచి వేయాల్సి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. డైరీలో ఆ తేదీ కూడా రాయండి: “ఈ రోజు మొదటిసారి లైటు వేసుకుని ఇల్లు చేరాను.”

టైముతో పాటు చోటు కూడా చూడాలి. చేయి బార చాపి పిడికిలి బిగించి పట్టుకుంటే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఆగస్టు మధ్యలో పొద్దు అసలు పడమరకు కుడివైపు, అంటే ఉత్తరంగా, పిడికిలిన్నర దూరంలో మునుగుతుంది. సెప్టెంబరు 22, 23న నిక్కచ్చిగా పడమరన. అక్టోబరు ఆఖరుకు ఎడమవైపు మరో పిడికిలిన్నర. మొత్తం మూడు పిడికిళ్ల ప్రయాణం. మా మిద్దె మీద నుంచి చూస్తే ఆగస్టులో పొద్దు పక్కవాళ్ల నీళ్ల ట్యాంకు వెనక దిగుతుంది. దసరా సెలవులు అయ్యేసరికి సెల్ టవరు దాటి, వేపచెట్టు కొమ్మల్లోకి పోయి ఉంటుంది. మీరు గీసుకున్న బొమ్మ మీద వారానికొక చుక్క పెట్టండి. అక్టోబరుకు చుక్కలన్నీ దండ గుచ్చినట్టు ఒక వరుసలో కనిపిస్తాయి.

గాలి పడిపోయే రోజు

నన్నడిగితే అనంతపురం జిల్లాలో కాలం మళ్లడానికి అసలు గుర్తు ఇదే. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమర, నైరుతి నుంచి కొట్టే గాలికి ఆరేసిన బట్టలు క్లిప్పులతో సహా పక్క మిద్దె మీదికి పోతాయి. తలుపులు దబదబా కొట్టుకుంటాయి, అన్నంలో దుమ్ము పడుతుంది. సెప్టెంబరులో ఏదో ఒక రోజు ఆ చప్పుడంతా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని చెవి వెంటనే పట్టుకోదు, ఒకటి రెండు రోజుల తర్వాత ఉక్క మొదలైనప్పుడు కానీ తెలియదు.

నేను పైపు నాటి కొలుస్తుంటే పాలు పోయడానికి వచ్చిన పెద్దాయన ఒకసారి నవ్వాడు. “ఏం నాయనా, కట్టె నాటి ఏం లెక్కేస్తుండావు? గాలి పడిపోయి మూడు దినాలాయె. ఇంక మోడం తూర్పు నుంచి లేయాల.” ఆయన చెప్పిన మూడు దినాలను నా డైరీలో వెతికితే ఒక్క అక్షరం లేదు. అప్పటి నుంచి గాలికి ప్రత్యేకంగా ఒక గడి పెట్టుకున్నాను.

కొలిచే పద్ధతి ఇది. పాత చీర అంచు మూరెడు చింపి మిద్దె మీద కడ్డీకి కట్టండి. రోజూ సాయంత్రం ఆరుకు అది ఎటు ఎగురుతోందో, ఎంతగా ఎగురుతోందో చూడండి. అంకెలు అక్కర్లేదు, “పటపటా కొట్టుకుంటోంది”, “ఊగుతోంది”, “వేలాడుతోంది” అని మూడు మాటలు చాలు. వేలాడే రోజులు వరుసగా నాలుగు వచ్చాయంటే నైరుతి బలం తగ్గినట్టు.

ఉరవకొండ, వజ్రకరూరు వైపు ఉండేవాళ్లకు, రామగిరి కొండల దారిలో తిరిగేవాళ్లకు గుడ్డపేలిక కూడా అక్కర్లేదు, గాలిమరలే ఉన్నాయి. వాటి రెక్కల ముఖం ఎప్పుడూ గాలి వచ్చే వైపే తిరిగి ఉంటుంది, వెనకున్న పెట్టె గాలి పోయే వైపు. ఆగస్టులో అన్నీ పడమర వైపు ముఖం పెట్టి జోరుగా తిరుగుతుంటాయి. సెప్టెంబరు చివర్లో కొన్ని అసలు తిరగవు, కొన్ని ఒకవైపు, కొన్ని మరోవైపు చూస్తూ దారి తప్పిన మందలా ఉంటాయి. నవంబరు వచ్చేసరికి తూర్పు, ఈశాన్యాల వైపు ముఖం తిప్పుకుంటాయి. బస్సు కిటికీ పక్క సీటు దొరికితే వదలొద్దు.

మోడాలు, కార్తెలు

తేదీలకు పండుగలను నమ్ముకోవద్దు. 2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది, 2026లో సెప్టెంబరు 14న. చాంద్రమానం లెక్క అలాగే జరుగుతుంది. “చవితికి వాన పడలేదు, కాలం చెడిపోయింది” అనేవాళ్లు ఏ చవితి సంగతి మాట్లాడుతున్నారో ముందు అడగాలి. కార్తెలు సూర్యుడి లెక్క కాబట్టి ఒక రోజు అటూ ఇటూగా ఏటా అవే తేదీలకు వస్తాయి. మఖ ఆగస్టు 17, పుబ్బ 31, ఉత్తర సెప్టెంబరు 13, హస్త 27, చిత్త అక్టోబరు 11, స్వాతి 24. డైరీ పేజీలను నెలల వారీగా కాకుండా కార్తెల వారీగా విడదీసుకుంటే, ఏ ఏడాదిని ఏ ఏడాదితోనైనా పోల్చుకోవచ్చు.

రైతుల సామెతలు కూడా ఈ వరుసలోనే ఉన్నాయి. “ఉత్తర చూసి ఎత్తర గంప” అన్నారు. ఉత్తర కార్తె దాకా వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని వలస పోవాల్సిందే అని. ఈ జిల్లాలో ఆ మాటను సామెతగా కాదు, బస్సు టికెట్టుగా చూసిన కుటుంబాలు ఎన్నో. “చిత్త చినుకు తన ఇష్టమున్న చోట పడును” అనేది మాత్రం మీరే మిద్దె మీద నుంచి చూడొచ్చు. రోడ్డుకు ఈ పక్క తడిసి, ఆ పక్క దుమ్ము లేచే సాయంత్రాలు అక్టోబరులో చాలా వస్తాయి.

చూడాల్సింది మోడం ఆకారం, వచ్చే దిక్కు, వేళ. ఆగస్టు మోడాలు బూడిదరంగు దుప్పటిలా పడమర నుంచి పరుగెత్తి, నాలుగు తుంపరలు రాల్చి పోతాయి. సెప్టెంబరులో పొద్దున ఆకాశం కడిగినట్టు ఉంటుంది. మధ్యాహ్నం రెండు, మూడుకు దూదికుప్పల్లాంటివి నిలువుగా పెరుగుతాయి. సాయంత్రానికో రాత్రికో ఉరుములు, మెరుపులు, ఒక గంట గట్టి వాన. పొలానికి పదును ఇచ్చేది ఇదే. అక్టోబరు మూడో వారం దాటాక మోడం తూర్పు నుంచి రావడం, ఉరుము లేకుండా ముసురు పట్టడం కనిపిస్తే ఈశాన్యం అందుకున్నట్టు. వాతావరణ శాఖ లెక్క కూడా దగ్గర దగ్గరగా ఇదే. నైరుతి సెప్టెంబరు 17 ప్రాంతంలో పశ్చిమ రాజస్థాన్ నుంచి వెనక్కి మళ్లడం మొదలుపెట్టి, అక్టోబరు 15 నాటికి దేశం మొత్తం వదిలిపోతుంది. 20 ప్రాంతంలో ఈశాన్యం మొదలు.

మెరుపులు చూసే సరదాలో మిద్దె మీద నిలబడొద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు వస్తే కిందికి దిగిపోవాలి. పొలాల్లో తిరిగేవాళ్లు ఫోన్లో పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకోవడం మంచిది.

ఇంకో తొందరపాటు గురించి కూడా చెప్పాలి. ఒకసారి వారం రోజులు ఎండ కాసేసరికి డైరీలో “వాన అయిపోయింది” అని గీత గీసి, మిద్దె మీద ఎండుమిరపకాయలు పోయించాను. తెల్లవారేసరికి అవి కాలవలో ఉన్నాయి. ఇంట్లో ఆ డైరీ పేరెత్తితే ఇప్పటికీ మిరపకాయలే గుర్తుచేస్తారు. నాది మిరపకాయలతో పోయింది. కర్నూలులోకి తుంగభద్ర వరద వచ్చింది 2009 అక్టోబరు 2న. రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది 2021 నవంబరు 19న. రెండూ “వానలు అయిపోయాయిలే” అనుకునే రోజులే.

చేను గట్టు మీద: చెనిక్కాయ లోపల

ఆదివారం ఊరి బయటికి పోగలిగితే ఈ పని చేయండి. ఎవరిదైనా చెనిక్కాయ (వేరుశనగ) చేను దగ్గర ఆగి, రైతును అడిగి ఒక చెట్టు పీకండి. అడక్కుండా పీకొద్దు, ఆ ఒక్క చెట్టుకూ ఒక లెక్క ఉంటుంది. జూలైలో వానకు విత్తిన చేనైతే ఆగస్టులో పసుప్పచ్చ పూలు, నేలలోకి దిగే ఊడలు కనిపిస్తాయి. సెప్టెంబరులో కాయ ఒలిస్తే పొట్టు లోపలి గోడ తెల్లగా, మెత్తగా, స్పాంజిలా ఉంటుంది. గింజ నీళ్లతో ఉబ్బి, పైపొర పాలిపోయి ఉంటుంది. రెండు మూడు వారాల తర్వాత అదే చేలో ఇంకో కాయ ఒలవండి. పొట్టు లోపల గోధుమరంగు మరకలు, వాటి మధ్య నల్లటి గీతలు తేలి ఉంటాయి, గింజ పొర గులాబీ రంగుకు తిరిగి ఉంటుంది. రైతులు పీకే రోజు నిర్ణయించుకునేది ఆ మరకలను చూసే. నాలుగింట మూడు కాయలు అలా ఉంటే చేను తయారైనట్టు. రకాన్ని బట్టి విత్తిన 100 నుంచి 120 రోజులకు ఆ స్థితికి వస్తుంది, కాబట్టి వానకు వేసిన చేలలో అక్టోబరు, నవంబరు నెలలే పీకుడు. బోరు కింద వేసిన పంటను మాత్రం ఈ లెక్కలో కలపొద్దు, దానికి కాలంతో పనిలేదు.

నల్లరేగడి ఉన్న కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు వాళ్లకు గుర్తు తలకిందులు. అక్కడ అక్టోబరులో చేలు ఖాళీగా, నల్లగా, దున్ని సిద్ధంగా ఉంటాయి. నేలలో దాచుకున్న పదును మీదే శనగ విత్తుతారు. గొర్రు చేలోకి దిగిందంటే కాలం మళ్లినట్టే.

గట్టున తంగేడు, ఏటి ఒడ్డున తెల్లటి రెల్లుపూలు ఇదే వేళకు. కర్నూలు వాళ్లకు తుంగభద్ర ఒడ్డే చాలు.

తూనీగలను కూడా చూడండి. వాన వెలిసిన సాయంత్రాల్లో చేల మీద మనిషి ఎత్తులో పదులకొద్దీ తిరిగే పసుపురంగు తూనీగలు ఉంటాయి. ఆ జాతి తూనీగలు అక్టోబరు, నవంబరుల్లో తూర్పు గాలుల మీద హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా వైపు పోతాయని శాస్త్రవేత్తలు చెప్తారు. మన చెరువులో పుట్టిన పురుగుకు పాస్‌పోర్టు లేకుండానే విదేశీ ప్రయాణం.

తోపుడు బండి

దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. మొక్కజొన్న కాల్చే బండి మీద సీతాఫలాలు, వాటి పక్కన ఉడకబెట్టిన పచ్చి చెనిక్కాయలు ఏ రోజు కనిపించాయో రాసుకోండి. సీతాఫలం కొనేటప్పుడు కళ్ల మధ్య సందులు విచ్చుకుని తెల్లగానో లేత పసుపుగానో ఉన్నవి తీసుకోండి. సందులు ఇంకా మూసుకుని ఉంటే అది తొందరపడి కోసిన కాయ, మెత్తబడుతుంది కానీ రుచి రాదు.

తెల్లవారుజామున ఒక్కసారి

సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో మోడం లేని ఒక రోజు చూసుకుని ఐదు గంటలకు మిద్దె ఎక్కండి. రోజూ అక్కర్లేదు, ఏడాదికి ఒకసారి చాలు. వరుసగా ఉన్న మూడు చుక్కలు దాదాపు నడినెత్తిన ఉంటాయి. వాటి నుంచి దక్షిణానికి దిగుతూ పోతే, ఇళ్ల కప్పుల పైన రెండు పిడికిళ్ల ఎత్తులో ఒంటరిగా ఒక పెద్ద చుక్క వెలుగుతుంటుంది. అదే అగస్త్య నక్షత్రం, రాత్రి ఆకాశంలో రెండో ప్రకాశవంతమైన చుక్క. అగస్త్యుడు కనిపించాక ఏటి నీళ్లు తేటపడతాయని పెద్దల మాట. వరద బురద అడుగుకు దిగేది కూడా అప్పుడే మరి.

అదే రోజుల్లో రాత్రి తొమ్మిదికి తూర్పున పిల్లలకోడి పొడుస్తుంది. అక్టోబరు ఆఖరుకు ఏడు గంటలకే వచ్చేస్తుంది. కార్తీకానికి పేరిచ్చిన కృత్తిక అదే.

కిందికి దిగే ముందు మిద్దె గోడ మీద చేయి పెట్టి చూడండి. ఆగస్టులో ఆ వేళకు కూడా గోరువెచ్చగా ఉన్న గోడ ఇప్పుడు చల్లగా తగులుతుంది. అక్టోబరు నడిమికి బండి సీటు మీద, గరిక కొనల మీద మంచు తడి కూడా కనిపిస్తుంది.

ఇంట్లో ఆఖరి గుర్తు

కొబ్బరినూనె సీసాను బాత్రూం కిటికీలో పెట్టి ఉంచండి. 24, 25 డిగ్రీల దగ్గర కొబ్బరినూనె పేరుకుంటుంది. ముందు సీసా అడుగున పాల మీగడంత తెల్లటి పొర, తర్వాత అది పొగలా పైకి పాకుతుంది. ఆ పొర కనిపించిన మొదటి పొద్దున తేదీ వేసి డైరీ మూసేయొచ్చు, అక్కడి నుంచి చలికాలం లెక్క వేరే. నా డైరీలో ఒక ఏడాది అక్టోబరు చివరి పేజీ ఇలా ఉంది: “స్వాతి. గుడ్డ తూర్పు నుంచి పడమరకు ఊగుతోంది. పొద్దు 5:53. నూనె ఇంకా కరిగే ఉంది. మిరపకాయలు పోయలేదు.”